విదేశీ సాయం ఆగితే హెచ్‌ఐవీ మందులు ఎవరు కొనాలి?

కాలినడక | 6 డిసెంబర్ 2025, ఉదయం 8:12

అందరికీ నమస్కారం. మొన్న డిసెంబర్ 1 ప్రపంచ ఎయిడ్స్ దినం. ఏటా ఆ రోజును అధికారికంగా జరిపే అమెరికా ప్రభుత్వం ఈసారి జరపలేదు. ఆ వార్త చదివాక మనసు ఊరుకోక, ఈ ఏడాది మొదటి నుంచి ఏం జరిగిందో వెతికి చదివాను.

జనవరి 20న ట్రంప్ విదేశీ సాయాన్ని 90 రోజులు ఆపుతూ ఉత్తర్వు ఇచ్చారు. నాలుగు రోజులు తిరక్కుండానే, నడుస్తున్న పనులు కూడా ఎక్కడివక్కడ ఆపమని ఆదేశాలు వెళ్లాయి. అందులో పెప్‌ఫార్ కూడా ఉంది. 2003లో జార్జ్ బుష్ మొదలుపెట్టిన హెచ్‌ఐవీ కార్యక్రమం అది. దాని ఆసరాతో మందులు వాడుతున్నవాళ్లు 2 కోట్ల పైమాటే. ప్రాణాలు నిలిపే సేవలకు మినహాయింపు ఇస్తున్నట్టు కొద్దిరోజులకు చెప్పారు. కానీ మార్చికల్లా, అమెరికా విదేశీ సాయాన్ని నడిపే సంస్థ యూఎస్‌ఎయిడ్ కార్యక్రమాల్లో 83 శాతం రద్దు చేశామని విదేశాంగ మంత్రి రూబియో ప్రకటించారు. జులై 1న ఆ సంస్థే మూతపడింది.

నేను వైద్యరంగం మనిషిని కాను. నా ప్రశ్న ఒకటే. హెచ్‌ఐవీ మందు మొదలుపెడితే బతికున్నంతకాలం వేసుకోవాలి. అలాంటి మందును ఒక దేశం పన్నుల డబ్బుతో మరో దేశంలో మొదలుపెట్టినప్పుడు, ఆ బాధ్యత ఎంతకాలం, ఎవరిది? నాకైతే మధ్యలో వదలడం ఘోరం అనిపిస్తోంది. కానీ మా ఇంట్లోనే దీని మీద గట్టి వాదన జరిగింది. ఇక్కడ తెలిసినవాళ్లు చెబితే వింటాను.

---

లెక్కలపుస్తకం | 6 డిసెంబర్ 2025, ఉదయం 9:40

చాలామందికి నచ్చకపోయినా నేను అనుకునేది చెబుతాను.

22 ఏళ్లు చిన్న కాలం కాదండి. 2001లో అబూజాలో ఆఫ్రికా దేశాధినేతలు కూర్చుని తమ బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి పెడతామని మాట ఇచ్చారు. ఆ మాట మీద నిలబడ్డ దేశాలు బహు కొద్ది. ఎందుకంటే మందుల ఖర్చు వేరేవాళ్లు భరిస్తున్నారు. వాళ్లు భరిస్తున్నంతకాలం ఆర్థికమంత్రికి ఆ డబ్బు రోడ్ల మీదో, సైన్యం మీదో పెట్టే వీలుంటుంది. అది మనిషి స్వభావం, అందులో ఆఫ్రికా, ఆసియా అని లేదు.

ఇంకోటి. జాంబియాలో సాయంగా వచ్చిన మందుల్ని దొంగిలించి ప్రైవేటు దుకాణాల్లో అమ్ముకుంటున్నారని ఈ ఏడాది మేలో అమెరికా రాయబారి బహిరంగంగా చెప్పి, ఏడాదికి 5 కోట్ల డాలర్ల సాయం కోత పెట్టారు. కంచే చేను మేస్తుంటే బయటివాడు ఎంతకాలం నీళ్లు పోస్తాడు? ఆ పన్నులు కట్టేవాడు కూడా మనలాంటి ఉద్యోగస్తుడే.

రోగుల మీద జాలి లేక ఇలా రాయడం లేదు. వాళ్ల ప్రభుత్వాలను అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగడం లేదన్నదే నా బాధ.

---

మందులగది | 6 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 1:25

నేను ఫార్మసిస్టుని. ఆఫ్రికా దక్షిణ భాగంలోని ఒక దేశంలో ఆరేళ్లు మందుల సరఫరా పని చేశాను. ఏ దేశమో, ఏ సంస్థో రాయను. నాతో పనిచేసినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు.

సాయం అనగానే అందరూ మాత్రల డబ్బా అనుకుంటారు. మాత్ర అందులో ఒక భాగం మాత్రమే. మా జిల్లా స్టోరులో మందులుండేవి. అక్కడి నుంచి క్లినిక్‌కు తీసుకెళ్లే బండికి డీజిల్ పోసేది సాయం డబ్బు. ఎవరు ఏ తేదీన రావాలో రిజిస్టరు చూసి, రానివాళ్లకు ఫోన్ చేసే అమ్మాయి జీతం సాయం డబ్బు. రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్షకు రక్తం శాంపిల్‌ను ఐస్ పెట్టెలో పెట్టుకుని మట్టిరోడ్డు మీద మోటార్‌సైకిల్‌పై ల్యాబ్‌కు చేర్చే కుర్రాడి జీతం కూడా అదే. డాక్టరు, నర్సు మాత్రం ప్రభుత్వం వాళ్లు.

జనవరి చివర్లో ఆ ఆదేశం వెళ్లినప్పుడు నా పాత సహోద్యోగి ఒకావిడ ఫోన్ చేసింది. స్టోరులో మూడు నెలల మందు ఉందట. తాళంచెవి ఉన్న మనిషిని పనికి రావద్దన్నారు. తలుపు తెరవడానికి ఎవరికి అధికారం ఉందో ఎవరికీ తెలియదు. బయట జనం లైన్లో ఉన్నారు. ఆవిడ ఏడుస్తూ చెప్పింది. మినహాయింపు వచ్చిందని టీవీలో చెప్పిన రోజుకి కూడా వాళ్లకు పైసా చేరలేదు. డబ్బు పంపే కంప్యూటర్ వ్యవస్థను నడిపే మనుషుల్ని కూడా తీసేశారట.

లెక్కలపుస్తకం గారూ, మీరు చెప్పిన దొంగతనం నిజం. నేనూ చూశాను, స్టాకు లెక్కలో తేడా వచ్చిన ప్రతిసారీ పై అధికారులకు రాశాను. ఒకసారి నా రిపోర్టును ఎవరూ పట్టించుకోలేదు కూడా. అయినా, దొంగను పట్టుకోవడానికి లెక్క చూసే గుమాస్తా కావాలి. ఈ ఏడాది ముందు పోయిన ఉద్యోగాల్లో ఆ గుమాస్తా ఉద్యోగాలు ఉన్నాయి.

---

మొలకలు | 6 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 2:02

చిన్న సందేహం. రెండు మూడు వారాలు మందు ఆగితే నిజంగా అంత ప్రమాదమా? బీపీ మాత్ర మర్చిపోయినట్టు కాదా?

---

రాత్రిడ్యూటీ | 6 డిసెంబర్ 2025, రాత్రి 10:48

మొలకలు గారికి. మంచి ప్రశ్న. నేను మెడిసిన్ వార్డులో పనిచేసే డాక్టర్ని.

మందు వేసుకుంటున్నంతకాలం వైరస్ రక్తంలో పరీక్షకు కూడా దొరకనంత తగ్గిపోతుంది. పోదు, దాక్కుంటుంది. మందు ఆపితే చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్లీ పైకి లేస్తుంది. అప్పుడు మూడు నష్టాలు. మొదటిది, రోగికి జబ్బులతో పోరాడే సీడీ4 కణాలు పడిపోతాయి, కొన్ని నెలల్లో టీబీ లాంటివి పట్టుకుంటాయి. రెండోది, వైరస్ అణిగి ఉన్న మనిషి నుంచి భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు, ఇది పెద్ద పెద్ద అధ్యయనాల్లో తేలిన విషయం. మందు ఆగాక ఆ రక్షణ పోతుంది. మూడోది, కొన్నాళ్లు వేసుకుని కొన్నాళ్లు మానేస్తూ ఉంటే వైరస్ ఆ మందుకు అలవాటు పడి లొంగడం మానేస్తుంది. ఇప్పుడు వాడే డోలూటెగ్రావిర్ ఈ విషయంలో చాలా గట్టి మందు, పాతవాటిలా తొందరగా ఓడిపోదు. అలాగని పరీక్ష పెట్టకూడదు కదా.

గర్భిణుల సంగతి వేరేగా చెప్పాలి. ఏ చికిత్సా లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. సరిగ్గా మందు వాడితే 5 శాతం లోపు. ఆ తొమ్మిది నెలలు, పాలిచ్చే రోజులు వాయిదా వేయడానికి వీలుపడదు. 90 రోజులు ఆగి సమీక్షిస్తామని ఒక కాగితం మీద రాసినప్పుడు, ఆ 90 రోజుల్లో కాన్పు అయ్యేవాళ్లు ఉంటారని గుర్తుండాలి. నాకు అన్నిటికన్నా అదే కష్టంగా ఉంది.

---

పాతపేపర్లు | 7 డిసెంబర్ 2025, ఉదయం 7:30

ఇక్కడ కుర్రవాళ్లు చాలామంది ఉన్నట్టున్నారు. 2000 నాటి పరిస్థితి ఎలా ఉండేదో చెప్పకపోతే ఈ చర్చ సగంలోనే ఉంటుంది. అప్పుడు నేను పత్రికలో డెస్క్ మీద ఉండేవాణ్ణి, అంతర్జాతీయ వార్తలు చూసేవాణ్ణి.

1996 నాటికే మూడు మందుల చికిత్స వచ్చేసింది. ధనిక దేశాల్లో మంచాన పడ్డవాళ్లు లేచి ఉద్యోగాలకు వెళ్లడం మొదలైంది. కానీ ఖర్చు మనిషికి ఏడాదికి 10 వేల నుంచి 15 వేల డాలర్లు. ఆఫ్రికాలో లక్షల మంది చనిపోతున్నారు, మందు ఉంది, వాళ్లకు మాత్రం లేదు. పేదవాళ్లు టైముకి మాత్రలు వేసుకోలేరని, అక్కడ చికిత్స కుదరదని అప్పట్లో పెద్ద పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లే అనేవారు. ఆ వార్తలకు నేనే హెడ్డింగులు పెట్టాను, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

2000లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఎయిడ్స్ మహాసభ జరిగింది. ఎడ్విన్ కామెరాన్ అనే జడ్జి, తనకూ హెచ్‌ఐవీ ఉందని ముందే బయటపెట్టిన మనిషి, ఆ సభలో నిలబడి తాను మందు కొనుక్కోగలిగినందువల్లే బతికి ఉన్నానని చెప్పారు. 2001 ఫిబ్రవరిలో సిప్లా అధినేత యూసుఫ్ హమీద్, అవే మూడు మందులు ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానని ప్రకటించారు. మన 1970 పేటెంట్ చట్టం మందు తయారుచేసే పద్ధతికే తప్ప మందుకు పేటెంటు ఇచ్చేది కాదు కాబట్టి మన కంపెనీలకు అది సాధ్యమైంది. అదే ఏడాది నవంబర్‌లో దోహాలో, ప్రజారోగ్యం కోసం దేశాలు పేటెంట్లను పక్కన పెట్టవచ్చన్న ప్రకటన వచ్చింది. 2002లో ఎయిడ్స్, టీబీ, మలేరియాల మీద పోరాటానికి దేశాలు కలిసి డబ్బు వేసే గ్లోబల్ ఫండ్ వచ్చింది, 2003లో పెప్‌ఫార్. బుష్ ఐదేళ్లకు 1,500 కోట్ల డాలర్లు అడిగారు, రెండు పార్టీలూ ఒప్పుకున్నాయి.

ధర దించింది జనరిక్ కంపెనీలు, ఉద్యమాలు. కానీ ఆ ధరకు లక్షల మందికి సరిపడా కొంటామని ముందుగానే భరోసా ఇచ్చినవాడు లేకపోతే కంపెనీలు అంత తయారుచేసేవి కావు. ఆ భరోసా ఇచ్చింది సాయం డబ్బు. ఈ రెండింటినీ విడదీసి చూడటం నాకు చేతకాదు.

2004లో ఎయిడ్స్‌తో చనిపోయినవాళ్లు ఇంచుమించు 21 లక్షలు. 2024లో 6.3 లక్షలు.

---

లెక్కలపుస్తకం | 7 డిసెంబర్ 2025, ఉదయం 10:15

పాతపేపర్లు గారూ, చాలా వివరంగా రాశారు, ధన్యవాదాలు. మీరు చెప్పిందాంట్లోనే నాకో ఆధారం దొరికింది. 10 వేల డాలర్ల మందు ఇప్పుడు ఎంత? నేను చూసినంతలో గ్లోబల్ ఫండ్ ద్వారా మనిషికి ఏడాదికి 45 డాలర్ల లోపే. ఈ మాత్రం కూడా ఒక ప్రభుత్వం తన పౌరుడికి కొనిపెట్టలేదా?

---

సరిహద్దుగాలి | 7 డిసెంబర్ 2025, ఉదయం 11:50

కొనేవాళ్లు కొంటున్నారండి. ప్రపంచంలో హెచ్‌ఐవీ ఖర్చులో సగానికి పైగా ఇప్పటికే ఆయా దేశాలు సొంతంగా పెడుతున్నవే. దక్షిణాఫ్రికాలో దాదాపు 80 లక్షల మందికి హెచ్‌ఐవీ ఉంది, ప్రపంచంలో మరే దేశంలోనూ అంతమంది లేరు. ఆ దేశం మందుల్ని చాలావరకు సొంత డబ్బుతోనే కొంటుంది, పెప్‌ఫార్ వాటా మొత్తం కార్యక్రమంలో సుమారు 17 శాతం. బోట్స్‌వానా 2002లోనే ఉచిత చికిత్స మొదలుపెట్టింది. జింబాబ్వేలో 1999 నుంచి ఆదాయపు పన్ను మీద 3 శాతం ఎయిడ్స్ సెస్సు ఉంది, అంత కష్టాల్లో ఉన్న దేశం. ఈ ఏడాది ఫిబ్రవరిలో సాయం ఆగగానే నైజీరియా పార్లమెంటు ఆరోగ్య బడ్జెట్‌కు అదనంగా 20 కోట్ల డాలర్లు చేర్చింది. చేతులు ముడుచుకుని కూర్చున్నారన్నది నిజం కాదు.

కానీ మొజాంబిక్, మలావీ లాంటి దేశాల్ని ఈ లెక్కలో పెట్టలేం. వాటి మొత్తం ఆరోగ్య బడ్జెట్టే మనిషికి బొటాబొటీగా ఉంటుంది. దానికి తోడు అప్పులు. ఆరోగ్యానికో, చదువుకో పెట్టేదానికన్నా వడ్డీలకే ఎక్కువ కట్టే దేశాల్లో 300 కోట్ల మందికి పైగా జనం ఉన్నారని ఐక్యరాజ్యసమితి లెక్క. అలాంటి దేశానికి 45 డాలర్ల మాత్రతో పాటు బండి, గుమాస్తా, ల్యాబ్ అన్నీ ఒకే నెలలో మీద పడ్డాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు.

డబ్బుంటే చాలదన్నదీ ఒప్పుకుంటాను. దక్షిణాఫ్రికాలోనే ఎంబెకీ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు హెచ్‌ఐవీ వల్ల ఎయిడ్స్ వస్తుందనే నమ్మలేదు, మందులు ఆలస్యం చేశారు. దానివల్ల 3.3 లక్షల మందికి పైగా చనిపోయారని హార్వర్డ్ పరిశోధకులు 2008లో అంచనా కట్టారు. ఆ దేశపు ఉద్యమకారులు కోర్టుకెళ్లి 2002లో గెలిచాకే తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే నెవిరాపిన్ మందు గర్భిణులకు అందే దారి తెరుచుకుంది. అది బయటి సాయం కాదు, వాళ్ల సొంత పోరాటం.

---

వీధిదీపం | 7 డిసెంబర్ 2025, సాయంత్రం 6:05

సాయాన్ని పొగిడేవాళ్లూ, వద్దనేవాళ్లూ ఒక సంగతి వదిలేస్తున్నారు. ఆ డబ్బుతో పాటు వచ్చే షరతులు.

నేను సెక్స్ వర్కర్ల సంఘాలతో చాలాకాలం పనిచేశాను. 2003 అమెరికా చట్టంలో, వ్యభిచారాన్ని వ్యతిరేకిస్తున్నామని రాతపూర్వకంగా ఒప్పుకున్న సంస్థలకే డబ్బు అని ఉండేది. నివారణ నిధుల్లో మూడో వంతు పెళ్లి దాకా సంయమనం బోధించడానికే కేటాయించాలని మరో నిబంధన. మా పనే ఆ ఆడవాళ్లను మనుషులుగా గౌరవించి, కండోమ్ వాడే బలం వాళ్లకు ఇవ్వడం. వాళ్ల జీవనాన్ని ఖండిస్తున్నామని సంతకం పెట్టి మళ్లీ వాళ్ల గుమ్మం ముందుకు ఏ ముఖం పెట్టుకుని వెళ్తాం? బ్రెజిల్ 2005లో ఈ షరతు ఒప్పుకోలేక 4 కోట్ల డాలర్లు వదులుకుంది. ఆ దేశం 1996లోనే చట్టం చేసి అందరికీ ఉచితంగా మందులిస్తోంది కాబట్టి అలా అనగలిగింది. తర్వాత 2013లో అమెరికా సుప్రీంకోర్టు తమ దేశ సంస్థల వరకు ఆ ప్రమాణం చెల్లదని తీర్పు ఇచ్చింది.

ఈ ఏడాది కూడా అదే కథ. మినహాయింపు వచ్చిందన్నారు కదా, అందులో సోకకుండా ముందుగా వేసుకునే ప్రెప్ మందు గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మాత్రమే. సెక్స్ వర్కర్లకు, ట్రాన్స్‌జెండర్లకు, మగవారితో సంబంధాలున్న మగవారికి, సూదితో మత్తుమందు తీసుకునేవాళ్లకు ఆగిపోయింది. వైరస్ ఎక్కువగా తిరిగేదే అక్కడ. వాళ్లు వచ్చి నిలబడే చిన్న చిన్న క్లినిక్‌లు మూతపడ్డాయి. పెద్దాసుపత్రికి వెళ్లండి అంటే వెళ్లరు. చాలా దేశాల్లో వాళ్లు వెళ్తే పోలీసు కేసు అవుతుంది.

కాబట్టి లెక్కలపుస్తకం గారూ, "వాళ్ల ప్రభుత్వాలే చూసుకోవాలి" అంటే నాకు భయం వేస్తుంది. కొన్ని ప్రభుత్వాలు ఈ మనుషుల్ని మనుషుల లెక్కలోనే వేసుకోవు.

---

పదిహేడేళ్లు | 7 డిసెంబర్ 2025, రాత్రి 11:31

ఈ వేదికలో రెండేళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

నాకు హెచ్‌ఐవీ ఉంది. పదిహేడేళ్లుగా మందులు వాడుతున్నాను, ప్రభుత్వ సెంటర్లో ఉచితంగా ఇస్తారు. మనదేశంలో ఉచిత మందులు 2004 ఏప్రిల్ 1న మొదలయ్యాయి. నాకు తెలిసింది 2008లో. నాలుగేళ్లు ముందు తెలిసి ఉంటే నాకు మందు దొరికేది కాదేమో అని ఎన్నోసార్లు అనుకున్నాను. నా భర్తకు అంతకుముందే జబ్బు చేసింది. ఆయనకు ఏమైందో కూడా మాకు తెలియనివ్వలేదు.

మీరంతా డాలర్లు, శాతాలు రాస్తున్నారు, అవి కావాలి, కాదనను. మందు అయిపోతుందేమోనన్న టెన్షన్ ఎలా ఉంటుందో చెబుదామని రాస్తున్నాను. కొన్నేళ్ల కింద ఒకసారి మా సెంటర్లో స్టాకు లేదని నెలకు బదులు వారానికి సరిపడా ఇచ్చారు. వారం వారం సెలవు పెట్టి వెళ్లాలి. ఆఫీసులో ఏం చెప్పాలి? డబ్బాలో మాత్రలు రోజుకు నాలుగుసార్లు లెక్కపెట్టేదాన్ని. లెక్కపెడితే పెరగవని తెలుసు. మా సెంటర్‌కు వచ్చే ఒకాయన ఒక మాత్రను సగం చేసి వేసుకున్నాడు, అలా చేయకూడదని కౌన్సిలర్ మేడమ్ కోప్పడింది. ఆయనకు తెలియక కాదు. సున్నా కన్నా సగం నయమనుకున్నాడు.

అది రెండు నెలల్లో సర్దుకుంది. ఆ దేశాల్లో ఎప్పుడు సర్దుకుంటుందో చెప్పేవాళ్లు కూడా లేరు. జనవరిలో ఆ వార్త చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరో తెలియని ఆడమనిషి ఎక్కడో కూర్చుని మాత్రలు లెక్కపెడుతూ ఉంటుందని అనిపించింది.

---

రాత్రిడ్యూటీ | 8 డిసెంబర్ 2025, ఉదయం 6:20

మీరు రాసినందుకు నమస్కారం అమ్మా. ఇక్కడ ఎవరైనా మిమ్మల్ని వ్యక్తిగత వివరాలు అడిగితే జవాబు ఇవ్వకండి.

---

లెక్కలపుస్తకం | 8 డిసెంబర్ 2025, ఉదయం 9:05

పదిహేడేళ్లు గారూ, మీ మాటలు రాత్రే చదివాను. వెంటనే జవాబు రాయలేకపోయాను.

నా మాటను సరిచేసుకుంటున్నాను. ఏదో ఒకరోజు ప్రతి దేశమూ తన మందులు తానే కొనుక్కోవాలని ఇప్పటికీ గట్టిగా నమ్ముతున్నాను. కానీ చేయి పట్టుకుని ఏట్లోకి దింపినవాడు అవతలి గట్టు చేరేదాకా చేయి వదలకూడదు. నడి ఏట్లో వదిలి, నీకు ఈత వచ్చి ఉండాల్సింది అనడం న్యాయం కాదు. నేను నిన్న ఈ రెండింటినీ కలిపేశాను.

మందులగది మేడమ్ చెప్పిన గుమాస్తా విషయం కూడా నాకు ముందు తట్టలేదు. దొంగతనం ఆపడానికి కోత అన్నాను, లెక్క చూసేవాణ్ణే ముందు కోశారు.

ఒక అనుమానం మాత్రం మిగిలింది. గడువు పెట్టకపోతే ఎవరూ కదలరు. ఎంత గడువు సరైనది?

---

పాతపేపర్లు | 8 డిసెంబర్ 2025, ఉదయం 11:22

దానికి మనదేశమే కొంత జవాబు చెబుతుంది.

1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (NACO) మొదలైనప్పుడు మన ఎయిడ్స్ కార్యక్రమం మొదటి దశ నడిచింది ప్రపంచ బ్యాంకు ఇచ్చిన 8.4 కోట్ల డాలర్ల అప్పుతో. 2003లో గేట్స్ ఫౌండేషన్ అవహన్ అని పెద్ద నివారణ కార్యక్రమం పెట్టింది, హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో. వీధిదీపం గారికి ఇది నాకన్నా బాగా తెలిసి ఉంటుంది. దాన్ని 2009 నుంచి విడతలవారీగా, ఒక్కో ప్రాజెక్టు చొప్పున ప్రభుత్వానికి అప్పగించారు. మనుషుల్ని, రిజిస్టర్లను, నమ్మకాన్ని కూడా అప్పగించాల్సి వచ్చింది, అందుకే ఏళ్లు పట్టింది. ఇప్పుడు నడుస్తున్న ఐదో దశ 2021 నుంచి 2026 దాకా, రూ. 15,471.94 కోట్లు, కేంద్ర ప్రభుత్వ నిధులు. అంటే అప్పుతో మొదలై సొంత కాళ్ల మీద నిలబడటానికి మూడు దశాబ్దాలు. అదీ మందులు తయారుచేసే పరిశ్రమ ఇంట్లోనే ఉన్న దేశానికి.

---

వీధిదీపం | 8 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 12:40

నిజమే. అప్పగింత అప్పుడు కూడా కష్టాలు పడ్డాం. కొన్నిచోట్ల నెలల తరబడి మా కార్యకర్తల జీతాలు రాలేదు. అయినా ఫలానా నెలలో ఫలానా జిల్లా మారుతుందని ఏడాది ముందే తెలుసు, పక్కన కూర్చుని నేర్పే మనిషి ఉండేవాడు. మారాక కూడా కొన్నాళ్లు ఆ మనిషి వచ్చి చూసి వెళ్లేవాడు. ఈ ఏడాది జరిగినదాన్ని దీనితో పోల్చడానికి నాకు మనసొప్పడం లేదు.

---

మొలకలు | 8 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 3:15

ఆరు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ వచ్చిందంటున్నారు కదా, అది వస్తే ఈ బాధ తప్పుతుందా?

---

మందులగది | 8 డిసెంబర్ 2025, రాత్రి 8:55

లెనకపావిర్ గురించి అడుగుతున్నారు. అది హెచ్‌ఐవీ లేనివాళ్లకు సోకకుండా వేసే ఇంజెక్షన్, ఏడాదికి రెండుసార్లు. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో జరిగిన ట్రయల్‌లో అది తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికి కూడా హెచ్‌ఐవీ సోకలేదు. ఆ ఫలితం వచ్చిన రోజు మా పాత వాట్సాప్ గ్రూపులో పండగే. రోజూ మాత్ర వేసుకుంటే ఇంట్లో అడుగుతారని, డబ్బా కనిపిస్తే కొడతారని మానేసిన అమ్మాయిల్ని మేం చూశాం.

ఈ ఏడాది జూన్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. అమెరికాలో దాని ధర ఏడాదికి 28 వేల డాలర్ల పైన. అయితే 2027 నుంచి 120 దేశాల్లో ఏడాదికి 40 డాలర్లకే జనరిక్ వచ్చేలా సెప్టెంబర్‌లో ఒప్పందాలు కుదిరాయి. తయారుచేసేది డాక్టర్ రెడ్డీస్, హెటిరో. మన తెలుగువాళ్ల కంపెనీలు కదా, ఆ వార్త నేను మా అమ్మకు చదివి వినిపించాను. ఈలోగా ఆ మందు అసలు తయారీదారు గిలియడ్ కంపెనీ నుంచే గ్లోబల్ ఫండ్, అమెరికా కలిసి 20 లక్షల మందికి అందిస్తామన్నాయి. పోయిన నెల ఎస్వతీని, జాంబియాలకు మొదటి డోసులు చేరాయి.

బాధ తప్పుతుందా అంటే, ఇంజెక్షన్ వేయాలంటే ముందు హెచ్‌ఐవీ లేదని పరీక్ష చేయాలి. ఆరు నెలలకు మళ్లీ పిలవాలి. ఆ పిలిచే అమ్మాయి ఉద్యోగం పోయిందని పైన రాశాను.

---

సరిహద్దుగాలి | 8 డిసెంబర్ 2025, రాత్రి 10:10

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను. నవంబర్ 21న జొహన్నెస్‌బర్గ్‌లో గ్లోబల్ ఫండ్ కోసం దేశాలు హామీలిచ్చాయి. అడిగింది 1,800 కోట్ల డాలర్లు, వచ్చిన హామీలు 1,134 కోట్లు. అందులో అమెరికాది 460 కోట్లు, ఇప్పటికీ అందరికన్నా ఎక్కువ. తప్పు ఒక్క దేశం మీదే వేయడం సరికాదు. బ్రిటన్ తన జాతీయాదాయంలో 0.7 శాతం విదేశీ సాయంగా ఇచ్చేది, 2021లో 0.5కి దించింది, 2027కి 0.3 చేస్తామంది. యూరప్ దేశాలు కూడా సైన్యం ఖర్చు పెంచి ఇది తగ్గిస్తున్నాయి.

ఇంకో చిన్న మాట. తమ ప్రభుత్వ ఖర్చులో విదేశీ సాయం ఎంత ఉంటుందని అమెరికన్లను సర్వేల్లో అడిగితే సగటున 26 శాతం అన్నారు. నిజానికి సుమారు 1 శాతం. అయితే ఆ ప్రజలు కఠినులని నేననుకోను. జులైలో పెప్‌ఫార్‌కు 40 కోట్ల డాలర్ల కోత ప్రతిపాదన వస్తే సెనేట్‌లో అధికార పార్టీవాళ్లే పట్టుబట్టి తీయించారు.

---

కాలినడక | 9 డిసెంబర్ 2025, ఉదయం 7:48

నేను అడిగిన ఒక్క ప్రశ్నకు ఇంత ఓపికగా రాసిన అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో వాళ్లకు కూడా చదివి వినిపించాను.

డిసెంబర్ 4న కెన్యా, అమెరికా ఐదేళ్ల ఒప్పందం చేసుకున్నాయి. అమెరికా 160 కోట్ల డాలర్ల దాకా ఇస్తుంది, కెన్యా తన ఖర్చును 85 కోట్ల డాలర్లు పెంచుతుంది. స్వచ్ఛంద సంస్థల ద్వారా కాకుండా నేరుగా ప్రభుత్వానికే డబ్బు. ఇలాంటివే ఇంకా చాలా దేశాలతో చేస్తారట. లెక్కలపుస్తకం గారు అడిగిన గడువు ఇదేనేమో. మందులగది గారూ, ఈ ఒప్పందాల్లో మీలాంటివాళ్లు ముందుగా ఏం చూస్తారు?

---

మందులగది | 9 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 1:10

మూడు చూస్తాను. రిజిస్టరు రాసే మనిషి ఏ ఏడాది నుంచి ప్రభుత్వ జీతంలోకి వస్తాడు, ఆ పోస్టు మంజూరైందా లేదా. వీధిదీపం గారు చెప్పిన క్లినిక్‌లకు ఎవరైనా డబ్బు పెడుతున్నారా, లేక ప్రభుత్వానికే అంతా అప్పగించి వాళ్లను మర్చిపోయారా. రోగుల సమాచారం ఎవరి చేతుల్లోకి వెళ్తుంది.

ఇంకొకటి, రోగి చేతికి ఒకసారికి ఎన్ని నెలల మందు ఇస్తారు. కోవిడ్ టైములో చాలాచోట్ల మూడు నెలలవి, ఆరు నెలలవి ఇవ్వడం మొదలైంది. జనవరిలో తాళం పడినప్పుడు, డిసెంబర్‌లో ఆరు నెలల డబ్బాలు తీసుకెళ్లినవాళ్లు ఆ లైన్లో లేరని నా పాత సహోద్యోగి చెప్పింది.

---

పదిహేడేళ్లు | 9 డిసెంబర్ 2025, రాత్రి 9:36

మాకు ఇప్పుడు మూడు నెలలవి ఇస్తున్నారు మేడమ్. మొన్న వెళ్లి తెచ్చుకున్నాను. మళ్లీ మార్చిలో వెళ్లాలి.